ఏంటెన్నా టోపీల కాంపౌండరు గారు

పోయిన గురువారం కాంపౌండరు గారి సమాధి కార్యక్రమానికి వెళ్ళాను. తొంభై రెండేళ్ళు నిండుగా బతికిన మనిషి, పెద్ద ఏడుపులేమీ లేవు. పాస్టరు గారు ప్రార్థన ముగించి, "అయ్యగారితో పరిచయమున్న పెద్దలెవరైనా రెండు మాటలు చెప్పండి" అన్నారు. ఎవరో నా మోచెయ్యి పట్టుకుని ముందుకు తోశారు. ఓపిక గల మనిషన్నాను, శుభ్రత గల మనిషన్నాను, నూజివీడు చుట్టుపక్కల ఎన్ని కళ్ళు ఆయన చేతిమీదుగా బాగుపడ్డాయో లెక్కలేదన్నాను. అందరూ తలలూపారు. చెప్పాల్సిన మాట ఒక్కటి గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ మాటను మింగడం నాకు అదే మొదటిసారి కాదు.

ఆయన పేరు రాయను. రాసినా ఊళ్ళో సగం మందికి అది ఎవరిదో తెలియదు. మిషన్ ఆసుపత్రి కంటి వార్డులో ముప్ఫై ఏళ్ళు కాంపౌండరుగా చేశారు కాబట్టి కాంపౌండరు గారు, అంతే. ఆయన భార్యను కూడా అందరూ కాంపౌండరమ్మ గారనే పిలిచేవారు.

ఎండైనా వానైనా ఆయన చేతిలో గొడుగుండేది. దాని ఇనప ములికికి సీసా బిరడా ఒకటి గుచ్చి ఉండేది. ఎవరింటికి వెళ్ళినా, కూర్చోమనే లోపు ఆయన చూపు గోడల మీద తిరిగేది. కంటి ఎత్తులో మేకు కనిపిస్తే, "దీన్ని కొంచెం పైకి కొట్టిద్దామండీ" అనేవారు. చంటిపిల్లను ఎత్తుకున్న మనిషి జేబులో మూతలేని పెన్ను కనిపిస్తే, మాటల్లోనే దాన్ని తీసి, మూత వెతికి పెట్టి, మళ్ళీ అదే జేబులో పెట్టేసేవారు. అవతలి మనిషికి ఆ సంగతి తెలిసేది కూడా కాదు.

మట్టల ఆదివారం నాడు వాళ్ళ చర్చి పిల్లలు మట్టలు ఊపుకుంటూ ఊరేగింపుగా వెళ్ళేవారు. ఈయన అందరికంటే ముందు వెళ్ళి కూర్చుని, ఒక్కో మట్ట కొసనూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించేవారు. "కొసల్లేని మట్టలు చూసి ప్రభువేమనుకుంటాడండీ కాంపౌండరు గారూ?" అని పాస్టరు గారు నవ్వారట ఒకసారి. "గుడ్డివాళ్ళకి చూపిచ్చినాయన, ఆయనేమీ అనుకోడండీ" అని, ఈయన తలెత్తకుండా తర్వాతి మట్ట అందుకున్నారట.

ఆయనకొక ఊతమాట ఉండేది. "కన్ను కొత్తల్లుడు లాంటిదండీ. ఒకసారి అలిగి వెళ్ళిందంటే, ఎన్ని పిండివంటలు చేసినా తిరిగి రాదు." కంట్లో చుక్కల మందు వేస్తూ ప్రతివాడికీ ఈ మాటే చెప్పేవారు. విని విని వార్డులో ఆయన కంటే ముందు రోగులే అనేసేవారు.

మామిడి కోతలు మొదలైతే ఆ వార్డులో మంచాలు చాలేవి కావు. సొన చిమ్మి కళ్ళు వాచినవాళ్ళు, పైనుంచి కాయలు కోసే దోటి జారి తగిలినవాళ్ళు. ఎనభైల మధ్యలో, విజయవాడ నుంచి మాకు టీవీ బొమ్మ అందడం మొదలైన కొత్తల్లో, వీళ్ళకు తోడు మూడో రకం వచ్చి చేరింది. డాబాల మీద ఒడియాలు ఎండబెట్టుకునే ఆడవాళ్ళు, గాలిపటాలెగరేసే పిల్లలు. వాళ్ళకు తగిలింది ఏంటెన్నా చువ్వ. అందరి ఏంటెన్నాలూ ఎత్తులో ఉండవు కదా. కొందరు పొట్టి గొట్టానికి బిగించి పిట్టగోడకు కట్టేసేవారు, కొందరివి గాలికి వంగి కిందికి దిగేవి. "పల్చటి అల్యూమినియం గొట్టమండీ, కొస కోసి వదిలేస్తారు. కత్తి కంటే పాడు" అనేవారాయన.

అప్పటినుంచి ఆయన ఏంటెన్నాలకు టోపీలు తొడగడం మొదలుపెట్టారు. టోపీ అనేది ఆయన మాటే. బొటనవేలంత తొడుగు, చువ్వ కొసకు బిగుతుగా ఎక్కుతుంది. ఆదివారం చర్చి అయ్యాక పాత పాలపొడి డబ్బా నిండా టోపీలు వేసుకుని, సైకిలు మీద బయల్దేరి, "మీ డాబా ఒకసారి చూడనిస్తారాండీ?" అని గుమ్మంలో నిలబడేవారు. ఊరికే పెట్టి వెళ్ళిపోయేవారు. మజ్జిగిస్తే తాగేవారు. మొదట్లో బెండు చెక్కి పెట్టారు, కాకులు పీకేశాయి. సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టారు, మా ఎండలకు కరిగి కారిపోయాయి. చివరికి ఎండకూ వానకూ తట్టుకున్న సరుకు ఒకటి దొరికింది. పాత హవాయి చెప్పుల రబ్బరు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇల్లు గుడి ప్రహరీని ఆనుకుని ఉండేది. మా నాన్న ఆ గుడి పూజారి. నాకప్పుడు హనుమాన్ జంక్షన్‌లో ఎరువుల కొట్లో గుమాస్తా ఉద్యోగం. నేను టీవీ కొనుక్కొస్తే నాన్న వద్దనలేదు గానీ ఒక్క షరతు పెట్టారు. ధ్వజస్తంభం కంటే ఎత్తుగా మా ఇంటి మీద ఏదీ లేవకూడదు. బిగించడానికి వచ్చిన మెకానిక్కు, "పంతులుగారూ, దేవుడికి ఏంటెన్నా అడ్డమేంటండీ?" అని నవ్వాడు. నాన్న నవ్వలేదు. పొడుగు గొట్టాన్ని కోయించి, పొట్టి ముక్కకు బిగించి, బూస్టరు పెడితే బొమ్మ బాగానే వచ్చింది. ఊళ్ళో అందరి ఏంటెన్నాలూ ఆకాశంలో ఉంటే మాది నా ముక్కు ఎత్తులో ఉండేది. స్వామిని గౌరవించామని నాన్న తృప్తిపడ్డారు, గొట్టం ఖర్చు తగ్గిందని నేను సంతోషించాను.

కాంపౌండరు గారు వీధిలోంచే దాన్ని చూసి సైకిలు దిగారు. డాబా ఎక్కి, ఒక్కో చువ్వకూ దారం చుట్టి, ముడి వేసి, చిన్న నోటుబుక్కులో కొలత రాసుకున్నారు. కొలత దగ్గర ఆయనకు మహా పట్టింపు. పన్నెండు కొసలకూ పన్నెండుసార్లు కొలిచారు. తర్వాతి ఆదివారం టోపీలతో వచ్చి, డబ్బా మూత తియ్యకుండా నిలబడ్డారు.

"బాబుగారూ, ముందే చెప్తున్నానండీ. ఇది పాత చెప్పుల రబ్బరు. సూదులు మరిగించినట్టు రెండుసార్లు మరిగించాను. మరిగితే ఏదైనా శుద్ధేనండి మా లెక్కలో. మీ ఇంట్లో లెక్క వేరే ఉంటది. నాన్నగారినొక మాట అడిగి పెడదామా?"

"నాన్నకెందుకండీ చెప్పడం? పెట్టెయ్యండి" అన్నాను.

"తర్వాత మాటొస్తేనో?"

"నేను చూసుకుంటాను కదండీ."

ఆ మాట నేనే అన్నాను. నా అంతట నేనే, ఎవరూ బలవంతపెట్టకుండానే అన్నాను.

ముక్కోటి ఏకాదశికి గుడికి సీరియల్ బల్బులు కట్టిస్తూ, మా ఊరి ధర్మకర్త గారు తీగ లాగించడానికి మా డాబా ఎక్కారు. పెద్ద మామిడితోటల ఆసామి, ఎగతాళి మనిషి. ఏంటెన్నా దగ్గర ఆగి, ఒక టోపీ మీద ముఖం పెట్టి చూశారు. చెప్పు అడుగున ఉండే అంకె ఆ ముక్క మీద అలాగే మిగిలి ఉంది.

"ఏవండీ పంతులుగారూ," అని పైనుంచి కేకేశారు. "స్వామివారి గోపురానికెదురుగా ఎనిమిదో నంబరు చెప్పు వేలాడదీశారేంటండీ?"

కింద వాకిట్లో ఉన్న పదిమందీ నవ్వారు. నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. సంగతేంటో తెలిశాక నవ్వులు ఆగిపోయాయి. ఎవరో వెళ్ళి ఆసుపత్రి నుంచి కాంపౌండరు గారిని పిలుచుకొచ్చారు. గొడుగు అరుగుకు ఆనించి, చెప్పులు వీధిలోనే వదిలి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డారాయన.

"ఏమయ్యా, మా ఇంటి మీద చెప్పులు పెట్టావా?" అన్నారు నాన్న.

"చెప్పుల రబ్బరేనండి. కళ్ళకి తగలకుండా..."

"ఎవర్నడిగి పెట్టావు?"

కాంపౌండరు గారు నా వైపు చూశారు. నిందగా కాదు. చూసుకుంటానని మాటిచ్చిన మనిషి వైపు చూసినట్టు చూశారు. నేను తులసికోట వైపు చూశాను. వెనక నుంచి ఎవరో, "వాళ్ళకి మన దేవుడంటే లెక్కేంటండీ, కావాలనే పెట్టుంటాడు" అన్నారు. ఆ మాట అబద్ధమని అక్కడ తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే.

"నీకు తెలుసా అబ్బాయ్?" అని ధర్మకర్త గారు నన్నడిగారు.

"తెలీదండీ" అన్నాను.

నాన్న ఉద్యోగం ధర్మకర్త చేతిలో ఉంది, అందుకే అలా అన్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కొంత నిజం. మిగతాది పిరికితనం. నేను తెలుసంటే ఆ పెద్దాయన మీద పడుతున్న చూపులన్నీ నా మీద పడేవి. అవి ఆయన మీద పడుతుంటేనే నాకు హాయిగా ఉంది. రాయడానికి సిగ్గేస్తోంది గానీ, హాయిగా ఉండడం మాత్రం నిజం.

కాంపౌండరు గారే అందుకుని, "అబ్బాయిగారికి తెలీదండీ" అన్నారు. "రబ్బరని చెప్పాను గానీ, చెప్పుల రబ్బరని చెప్పలేదు. నాదే పొరపాటు. క్షమించండి పంతులుగారూ." అలా ఆయన నాకోసం అబద్ధమాడారు. తర్వాత డాబా ఎక్కి, పన్నెండు టోపీలూ తన చేత్తోనే ఒక్కొక్కటీ లాగి, డబ్బాలో వేసుకుని దిగారు. ఆయన వెళ్ళాక నాన్న మెట్ల దగ్గర్నుంచి పిట్టగోడ దాకా పసుపునీళ్ళు చల్లారు. చెంబు పట్టుకుని వెంట నడిచింది నేనే.

ఆ వారంలో మా వీధిలోనూ పక్క వీధుల్లోనూ టోపీలన్నీ ఊడిపోయాయి. కొందరు వాటిని పొట్లం కట్టి ఆయన గేటు లోపలికి విసిరారు. నాలుగైదు ఇళ్ళ వాళ్ళు మాత్రం ఉంచుకున్నారు.

రెండు నెలల తర్వాత, ఒకరోజు పొద్దున హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగేసరికి ఎరువుల కొట్టు ముందు ఆయన నిలబడి ఉన్నారు. ఆ గొడవ ఊసే ఎత్తలేదు. సంచిలోంచి గుడ్డ మూట తీసి నా చేతిలో పెట్టారు. విప్పితే చెక్క టోపీలు, పన్నెండు. ఎర్రరంగు వేసి, లోపల సన్నగా తొలిచి ఉన్నాయి.

"జి. కొండూరు వైపు వెళ్ళొచ్చాను బాబూ. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్క ఇది. తేలిగ్గా ఉంటది, చువ్వ వంగదు. బొమ్మల కొలువులో పెట్టుకునే చెక్కే కాబట్టి దీనికి మైలంటూ ఉండదు. పాత కొలతల ప్రకారమే తొలిచాను, మీరే తొడిగెయ్యండి. నేనిచ్చానని చెప్పొద్దులెండి, నాన్నగారు బాధపడతారు."

"అలాగేనండీ" అన్నాను. "తప్పకుండా పెడతానండీ."

"మామిడికాలం రాకముందే పెట్టండి. ఆడవాళ్ళు పైకెక్కుతారు."

ఆ మూట నా బల్ల సొరుగులో పెట్టాను. ఈ ఆదివారం పెడదాం, వచ్చే ఆదివారం పెడదాం అనుకున్నాను. ఎర్రగా కనిపిస్తాయి, నాన్న అడుగుతారు, ఏం చెప్పాలి అనుకున్నాను. అసలు సంగతి వేరు. సొరుగు తెరిచినప్పుడల్లా ఆయన ముఖం గుర్తొచ్చేది. ఆయన నన్ను తిట్టుంటే బాగుండేది. అంత అవమానపడ్డ మనిషి మళ్ళీ నా ఇంటి కోసమే ఊళ్ళు తిరిగి చెక్క తెచ్చాడంటే, ఆ మంచితనం మీద నాకు కోపం వచ్చింది. కొన్నాళ్ళకు సొరుగు తెరవడమే మానేశాను.

మా అక్కను ఉంగుటూరు ఇచ్చారు. ప్రతి వేసవికీ తాండ్ర పోయడానికి పుట్టింటికి వచ్చేది. డాబా మీద తాటాకు చాపలు పరిచి, రసాల గుజ్జు పల్చగా పోసి, ఆరాక మళ్ళీ పోసి, పొర మీద పొరగా పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. అక్క పోసిన తాండ్ర అద్దంలా ఉండేది. ఆ ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఈదురుగాలి లేచింది. చినుకులు పడితే పది రోజుల పని గంగలో కలుస్తుంది. అక్క పరుగున పైకెక్కింది. వంగి చాప చుట్టి, దాన్ని ఎత్తుకుని గిరుక్కున లేచి తిరిగింది. నేను మెట్ల మీదే ఉన్నాను. అక్క అరవలేదు. చాప వదిలేసి, ఎడమ కంటి మీద అరచెయ్యి పెట్టుకుని, "ఒరేయ్ తమ్ముడూ" అంది మెల్లగా.

వార్డులో కాంపౌండరు గారు ఉన్నారు. నన్ను చూసి, అక్కను చూసి, ఒక్క మాట కూడా అడగకుండా కన్ను కడిగారు. డాక్టరు గారు చూసి, చెయ్యగలిగింది చేసి, కట్టు కట్టమని చెప్పి వెళ్ళారు. చువ్వ నల్లగుడ్డు మీదే గీరుకుంది. కట్టు కడుతున్నంతసేపూ ఆయన చేతులు నిలకడగా ఉన్నాయి. కట్టాక మంచం పక్కనే నిలబడి, నా వైపు తిరిగి చిన్నగా అడిగారు.

"బాబూ, టోపీలు సరిపోలేదా?"

పెట్టావా లేదా అని అడగలేదు. నేను పెట్టకపోయుండొచ్చన్న ఆలోచనే ఆయనకు రాలేదు.

"లేదండీ" అన్నాను. "వదులయ్యాయండీ. గాలికి ఊడిపోయాయి."

ఆయన జేబులోంచి నోటుబుక్కు తీసి, మా ఇంటి పేజీ తెరిచి, పన్నెండు కొలతలూ వేలు పెట్టి చూసుకున్నారు. "దారం సాగుంటది. తడి దారమేమో ఆ రోజు. చూసుకోలేదు" అన్నారు. తర్వాత అక్క మంచం దగ్గరికి వంగి, "తల్లీ, నా కొలత తప్పిందమ్మా" అన్నారు. ఆ ముఖం వైపు చూడలేక నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

అక్క ఎడమ కంట్లో పువ్వు వేసింది. ఆ కంటి చూపు తిరిగి రాలేదు. నాన్న మర్నాడే పొడుగు గొట్టం తెప్పించి ఏంటెన్నాను ధ్వజస్తంభం కంటే ఎత్తు లేపారు. ఎవరేమన్నా పట్టించుకోలేదు.

కాంపౌండరు గారు టోపీలు చెయ్యడం మానేశారు. ఉన్న నాలుగైదు ఇళ్ళకూ వెళ్ళి, ఒక్కో టోపీనీ లాగి చూసి, బిగించి వచ్చారు. కొత్తగా ఎవరైనా అడిగితే, "నా చెయ్యి నమ్మదగ్గది కాదండీ. టోపీ ఉందనుకుని మీరు ధైర్యంగా తిరుగుతారు, అది ఊడిపోతే ఎట్లా?" అనేవారట. ఆ మాట నాకు చెప్పింది ఆయన భార్య. నూజివీడు డాబాల మీద ఏంటెన్నాలు పెరుగుతున్న రోజులవి. నేను బస్సులో వస్తూ పోతూ ఆ బోడి చువ్వల్ని చూసేవాణ్ణి. ఒక్క మాట చెబితే ఆ మనిషి మళ్ళీ డబ్బా పట్టుకుని సైకిలెక్కుతాడని నాకు తెలుసు. చెప్పలేదు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఎదురుపడ్డామో. కేబుల్ వచ్చి ఏంటెన్నాలు పాత సామాన్లలోకి వెళ్ళిపోయాక కూడా, సంతలో కనిపించినా, పెళ్ళిలో కనిపించినా, ఆయనే ముందు దగ్గరికొచ్చి, "అక్కగారి కన్నెట్లా ఉంది బాబూ?" అని అడిగేవారు. అడిగేటప్పుడు తల వంచుకునేవారు. నేను వంచాల్సిన తల ఆయన వంచుకునేవారు. "బాగానే ఉందండీ" అనేవాణ్ణి. "నన్ను మన్నించమని చెప్పండి" అనేవారు. "చెప్తానండీ" అనేవాణ్ణి. ఆ మాటా అక్కకు చెప్పలేదు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఉంగుటూరు వెళ్ళాను. అక్క అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. ఏమొచ్చి పడిందిరా అని అడగనిచ్చానో లేదో, మొదలుపెట్టి అంతా చెప్పేశాను. చెప్పులని నాకు ముందే తెలుసన్నాను. చెక్క టోపీలు సొరుగులోనే ఉండిపోయాయన్నాను. ఆసుపత్రిలో అబద్ధమాడానన్నాను. ఈ వయసులో నాకు ఏడుపొచ్చింది. అక్క చేతులు ఆగలేదు.

"ఇప్పుడు నాకెందుకురా ఇదంతా? నాకు అప్పుడే తెలుసు."

"ఎలా తెలుసు?"

"కంటికి కట్టు కట్టారు గానీ చెవులకి కట్టలేదు కదరా. ఆయన అడిగిందీ విన్నాను, నువ్వు చెప్పిందీ విన్నాను. ఆ ఏడు తాండ్రకని రోజుకి నాలుగుసార్లు ఎక్కాను ఆ డాబా. చువ్వకి టోపీ ఉంటే నాకు కనబడదా?"

"మరి అప్పుడే ఎందుకు అడగలేదక్కా?"

"నువ్వే చెప్తావనుకున్నాను. ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అనుకున్నాను. తర్వాత పిల్లలు, సంసారం, ఇంకేం గుర్తుంటాయి." గింజలు చేటలోకి దులిపి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "నా కన్ను సంగతి వదిలెయ్. పోయింది, అలవాటైపోయింది. పాపం ఆ పెద్దాయన, తన కొలత తప్పిందని ఇన్నేళ్ళూ ఎంత కుమిలిపోతున్నాడో. నడు, చీర మార్చుకుని నేనూ వస్తాను. ఇవాళే వెళ్ళి ఆయనకి చెప్పేసొద్దాం."

చీర కోసం అక్క లోపలికి వెళ్తుంటే వెనక్కి పిలిచి, ఆయన పోయారనీ, నిన్ననే మట్టి వేసి వచ్చాననీ చెప్పాల్సి వచ్చింది.